వంకీ వెనక కిటికీ

చిలకలపూడిలో భార్గవిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. సీతారామయ్యగారి కోడలంటే కొందరికి తెలుస్తుంది. ముద్రలమ్మాయి అంటే మాత్రం టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా లేచి సందు చూపిస్తారు. ఆ పేరు వెక్కిరింపుగా పుట్టింది. రోల్డుగోల్డు చేసే ఊళ్ళో ఉండి, నగ వెనక అది ఏ లోహమో ముద్ర కొడతానంటే నవ్వరా మరి. తరాలుగా అక్కడి పనితనమంతా ఒకే మాట మీద నడుస్తోంది: లోపల రాగి ఉండనీ, ఇత్తడి ఉండనీ, చూసే కంటికి బంగారమే కనపడాలి. అతుకు కనపడకూడదు. లోపలి లోహం ఆవగింజంతైనా బయటికి తొంగి చూడకూడదు. అలాంటి చోట లోపలేముందో చెప్పే అక్షరం కొట్టడమంటే, పెళ్ళిపందిట్లో పక్కింటావిడ కట్టుకున్నది అరువు చీరని మైకులో చెప్పడం లాంటిది.

భార్గవి ఆ నవ్వుల్ని పట్టించుకోలేదు. పుట్టింది దివిసీమలో, నాగాయలంక పక్కన. చదివింది గుడివాడలో, కెమిస్ట్రీ. చదువయ్యాక అక్కడే రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగానికి కుదిరింది. సీసాల్లో నీళ్ళు పట్టుకుని రైతులు పొద్దున్నే వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన ఓసారి ఆమె బల్ల దగ్గరికి వంగి, "అమ్మాయిగారూ, అమోనియా కొంచెం తగ్గించి రాయండి. మా బావమరిది చూశాడంటే చెరువులో వాటా వదిలేసుకుంటాడు" అన్నాడు.

"రాస్తానండీ. మీ రొయ్యలకి చదువొస్తే చెప్పండి, తగ్గించే రాస్తాను" అంది భార్గవి.

ఆయన నవ్వేసి, ఉన్నదే రాయించుకుని వెళ్ళాడు. ఆ తర్వాత వాళ్ళ ఊరి రైతులందరూ ఆమె దగ్గరికే సీసాలు పంపేవాళ్ళు.

పెళ్ళయి చిలకలపూడి వచ్చాక ఆమె చేతులు ఊరికే ఉండలేదు. భర్త సుధీర్ నగల నమూనాలు పట్టుకుని ఊళ్ళు తిరిగి షాపులకి వేస్తాడు. మామగారు సీతారామయ్య ఇంటి వెనక షెడ్డులో కూర్చుని నగ చేస్తాడు. అచ్చు కొట్టడం, తీగ చుట్టడం, టంకం పెట్టడం ఆయన దగ్గరే నేర్చుకుంది. నేర్చుకున్నాక రెండు మూడు లోహాలు కలిపి తన సొంత మోడళ్ళు చెయ్యడం మొదలుపెట్టింది. వెండి మీద రాగి తీగ, ఇత్తడి పువ్వులో వెండి మొగ్గ. ఆయనకి అవి నచ్చాయి. "చెయ్యి బాగానే కుదిరింది, చదువుకున్నా కూడా" అనేవాడు.

ముద్ర ఆలోచన వచ్చింది మాత్రం కొడుకు నాని వల్ల. వాడికి చెవులు కుట్టించిన తర్వాత తమ్మెలు ఎర్రగా వాచి, చీము పట్టి, పిల్లాడు పాలు కూడా తాగకుండా ఏడ్చాడు. బందరులో డాక్టరు పోగులు తీయించి, వాటిని లైటు కింద పెట్టి, "ఇవి ఏ లోహంతో చేసినవి?" అని అడిగాడు. ఆ పోగులు షెడ్డులో డబ్బాలోంచి తీసినవే. ఇంటినిండా లోహమే, ఇంట్లో అందరికీ లోహంతోనే పని. అయినా ఆ పోగుల్లో ఏముందో చెప్పగలిగినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. బంగారు పూత కింద నికెల్ పూత వెయ్యడం ఆ ఊళ్ళో మామూలే. మెరుపు నిలవడానికి అది కావాలి. కొందరి చర్మానికి అదే పడదు. నాని ఆ కొందరిలో ఒకడు.

చెవులు మానాయి. భార్గవికి మాత్రం ఆ రోజు నుంచి నిద్రలో కూడా ఒకటే లెక్క. ఒంటికి తగిలే ప్రతి వస్తువూ తను ఏమిటో తానే చెప్పాలి. వెండికి 'వెం', రాగికి 'రా', ఇత్తడికి 'ఇ'. బియ్యపు గింజంత ముద్రలు కొట్టే ఉక్కు పంచీలు ప్రత్యేకంగా చేయించుకుంది.

"ఏమ్మా, ప్రభుత్వం వాళ్ళ హాల్‌మార్క్ ముద్ర మనం కొట్టుకోవచ్చా?" అన్నాడు సీతారామయ్య.

"అది కాదు మావయ్యా. స్వచ్ఛత ఎంతో చెప్పే పని వాళ్ళది. ఏ ముక్క ఏ లోహమో చెప్పే పని మనది. ముందు ఇత్తడి, వెనక వెండి ఉన్న వస్తువు మీద ఊరికే వెండి అని కొడితే అది అబద్ధం. దేని మీద దాని పేరు కొడితేనే నిజం."

"బంగారంలా కనపడాలనే కదా జనం కొనేది. బంగారం కాదని చెప్పడానికా?"

"చూసేవాళ్ళకి బంగారంలాగే కనపడనీండి. వేసుకున్నవాళ్ళకి తెలియాలిగా."

ఆయన ఒప్పుకోలేదు. ఊదుగొట్టం తీసుకుని టంకంలోకి తల దించాడు.

అలా ఉండగా మొవ్వ నుంచి పని వచ్చింది. అక్కడ దివ్యశ్రీ అనే టీచరు పిల్లలకి నాట్యం నేర్పుతుంది. దగ్గర్లోనే కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు గుడి దగ్గర ప్రదర్శన ఉందని, పిల్లలకి వంకీలు, వడ్డాణాలు, జూకాలు కావాలని ఫోన్ చేసింది. భార్గవి కొలతలకి వెళ్ళినప్పుడు, పిల్లలందరి తల్లుల వెనక ఒకావిడ గోడకానుకుని నిలబడి ఉంది. పేరు వీరదుర్గ. చేపలమ్ముకునే మనిషి. ఆమె కూతురు హర్షిత తరగతిలో అందరికంటే బాగా ఆడుతుందని టీచరే చెప్పింది. కానీ కిందటి ప్రదర్శనలో ఆ పిల్ల జబ్బలు వంకీల కింద పొక్కిపోయాయి. మర్నాటికి రసి కారింది. అప్పట్నుంచి ఆ పిల్లని స్టేజీ ఎక్కించలేదు.

"నగలు లేకుండా ఆడిస్తానంటే మేడం గారు ఒప్పుకోరు. నగలు వేస్తే దాని ఒళ్ళు ఒప్పుకోదు" అంది వీరదుర్గ. "బంగారం చేయించే ఓపిక మాకు లేదు. మీరేమన్నా చెయ్యగలరా అండీ?"

భార్గవి హర్షిత జబ్బ మీద మానిన మచ్చలు చూసింది. నాని చెవులు గుర్తొచ్చాయి. "చేస్తాను. ఒంటికి తగిలే వెనక రేకంతా వెండితో చేస్తాను. నికెల్ తగలనివ్వను. పూత కొంచెం త్వరగా మాసిపోతుంది, అది ముందే చెప్తున్నాను. మీ అమ్మాయికి మాత్రం ఏమీ కాదు. నాదీ పూచీ."

అది విని చర్మం సున్నితంగా ఉండే మరో ఇద్దరు పిల్లల తల్లులు కూడా వెండి రేకే అడిగారు. మిగతావాళ్ళు మామూలు ఇత్తడి చాలన్నారు.

పని బాగా సాగింది. వెండి వెనక రేకుల మీద 'వెం' కొట్టింది, ఇత్తడి వాటి మీద 'ఇ' కొట్టింది. అన్నీ పట్టుకుని బంగార్రాజు దగ్గరికి పంపింది. మెరుగు పెట్టడం, పూత వెయ్యడం ఆయన పని. పెద్దవాడు, నమ్మకస్తుడు. "బాబాయ్‌గారూ, వెనక తెల్లగా ఉన్నవి నికెల్ తొట్టిలో ముంచకండి. వాటికి నేరుగా బంగారం పూతే" అని ఫోన్‌లో గట్టిగా చెప్పింది. ఆయన సరేనన్నాడు. చెప్పినట్టే చేశాడు కూడా.

మొవ్వలో నగలు ఇవ్వాల్సిన రోజుకి ముందురోజు మధ్యాహ్నం బంగార్రాజు స్వయంగా సంచి తెచ్చాడు. భార్గవి బల్ల మీద గుడ్డ పరిచి అన్నీ పోసింది. గదిలో ఎండ పడ్డట్టయింది. ఒక వంకీ తిప్పి చూసింది. వెనక అద్దంలా ఉంది. ఇంకోటి తిప్పింది. అదీ అద్దమే.

"బాబాయ్‌గారూ, ముద్రలేవండీ?"

"ఏ ముద్రలమ్మా?"

"వెనక చిన్న అక్షరాలు కొట్టాను."

బంగార్రాజు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. "అవి అక్షరాలా? పంచీ జారి గాట్లు పడ్డాయనుకున్నానమ్మా. ప్రతిదానికీ ఒక గాటు. మీ మావయ్య చెయ్యి వణుకుతోంది కాబోలు, పాపం, ఎందుకు చెప్పడంలే అని, నేనే ఓపిగ్గా కూర్చుని అన్నీ సాపు చేశాను."

షెడ్డులోంచి సీతారామయ్య, "ఎవరి చెయ్యిరా వణికేది?" అన్నాడు.

భార్గవికి కోపం రాలేదు. ఆయన తప్పేముంది? ఆ ఊళ్ళో మెరుగు పెట్టే ఏ మనిషైనా అదే చేస్తాడు. గీత కనపడితే చెరిపెయ్యడమే వాళ్ళ పని. అక్షరాల సంగతి తను చెప్పలేదు. చూస్తే తెలుస్తుందనుకుంది.

"తెల్లవి వేరే పెట్టారా?"

"పూత వేసేటప్పుడు వేరేనే. అయ్యాక అన్నీ ఒకటే రంగు కదమ్మా, ఒకే సంచిలో వేశాను."

బల్ల మీద వెండివి, ఇత్తడివి కలిసిపోయి, ఒకదానికొకటి కవలల్లా మెరుస్తున్నాయి. వాటిలో ఒకటి రేపు హర్షిత జబ్బకి కట్టాలి.

బంగార్రాజు నొచ్చుకుంటూ వెళ్ళిపోయాక సీతారామయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. "ఇంత దానికి దిగులెందుకు? వెండి బరువు. చేతిలో పెట్టు, చెప్తాను." కళ్ళు మూసుకుని అరచెయ్యి చాపాడు. భార్గవి ఒక్కో వంకీ పెట్టింది. "వెండి. ఇత్తడి. ఇత్తడి. ఇది వెండి." తడుముకోకుండా చెప్పుకుంటూ పోయాడు. అంతా అయ్యాక ఆమె ఏమీ అనకుండా మొదటి వంకీనే మళ్ళీ పెట్టింది.

"ఇత్తడి" అన్నాడు ఆయన.

"ఇందాక ఇదే వెండన్నారు మావయ్యా."

ఆయన కళ్ళు తెరిచి వంకీని చూశాడు. "కాఫీ తాగకముందు అడిగితే ఇంతే మరి" అన్నాడు. కాఫీ తాగాక ఇంకో రెండు మాట మార్చాడు. చేత్తో చేసిన వస్తువులు ఒకటి మందంగా, ఒకటి పల్చగా ఉంటాయి. బరువు నమ్మడానికి లేదు.

భార్గవి లోపలికి వెళ్ళి, పిల్లాడికి అందకుండా అటక మీద దాచిన చిన్న సీసా తెచ్చింది. నికెల్ ఉంటే గులాబీ రంగు చూపించే మందు. దూదికి అద్ది వంకీల వెనక రుద్దింది. కొన్నిటికి దూది గులాబీ అయింది.

"ఇంకేం, తేలిపోయిందిగా. రంగు రానివి వెండివి" అన్నాడు సీతారామయ్య.

"రంగు వస్తే నికెల్ ఉన్నట్టు ఖాయం. రాకపోతే లేదని ఖాయం కాదు మావయ్యా. పూత మందంగా పడి అడుగున దాక్కుని ఉండొచ్చు. చెమట పట్టినప్పుడు బయటికొస్తుంది." ఆమె రంగు రానివన్నీ ఒక పక్కకి జరిపింది. అవి చేసిన వెండి వంకీల కంటే ఎక్కువే ఉన్నాయి. అంటే వాటిలో ఇత్తడివి ఉన్నాయి. ఏవో తెలీదు.

ఆమె ఆకురాయి చేతిలోకి తీసుకుంది.

సీతారామయ్యకి అర్థమైంది. "అమ్మాయ్, ఆగు. పూత గీకుతావా?"

"వెనక, చిన్న చోటు. నికెల్ పొర ఉంటే అదీ దాటి లోపలి రంగు కనపడితే చాలు. తెలుపైతే వెండి, పసుపైతే ఇత్తడి. అక్కడే మళ్ళీ ముద్ర కొడతాను. ఇక పూత వెయ్యను, అలాగే వదిలేస్తాను. అప్పుడు ఎవరూ సాపు చెయ్యరు."

"పూత లేచిన నగ ఈ గడప దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. మా నాన్న హయాంలోనూ లేదు. నలుగురూ చూసి సీతారామయ్య పని ఇలా తగలడిందంటారు. ఎందుకొచ్చిన గొడవ, రంగు రానివాటిలో బాగున్నవి చూసి ఆ పిల్లకి ఇచ్చెయ్. నూటికి తొంభై పాళ్ళు వెండే అవుతుంది."

"మిగతా పది పాళ్ళూ ఆ పిల్ల చేతి మీద పడితే?"

"నీ భయం కాకపోతే—"

"భయమే మావయ్యా. ఆ భయంతోనే చెప్తున్నాను. వాళ్ళమ్మకి పూచీ పడ్డాను. గీకిన నగ ఇస్తే మనల్ని నాలుగు మాటలంటారు. పడతాను. తెలియని నగ మాత్రం ఇవ్వను."

గొంతు పెంచలేదు. రొయ్యల రైతుకి చెప్పినంత మామూలుగానే చెప్పింది. సీతారామయ్య లేచి కండువా భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆమె మొదటి వంకీ పట్టకారుకి బిగించి, వెనక అంచున ఆకురాయి ఆనించింది. బంగారం పొడిగా రాలింది. అడుగున తెల్లగా మెరిసింది, ఇంకాస్త గీకినా తెలుపే. రెండోది బిగించింది. అది పసుపు. రంగు రానివాటిలోదే. ఆయన ఇచ్చెయ్యమన్న నగల్లోదే.

కాసేపటికి వెనకనుంచి నీడ పడింది. సీతారామయ్య వచ్చి నిలబడి చూస్తున్నాడు. పసుపు వంకీ తీసి, గీకిన చోటు వేలితో తడిమాడు. అది ఎక్కడినుంచి తీసిందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఇది గీకడమేనా? ఎలక కొరికినట్టుంది" అన్నాడు. "జరుగు."

ఆయన కూర్చున్నాడు. సన్న ఉలి తీసి, పూతని చింతాకు ఆకారంలో, అంచులు తీర్చి లేపాడు. లోపలి లోహం ఆకులా నిగనిగలాడింది. "కిటికీ పెడితే చట్రం ఉండాలి. కన్నం పెట్టి వదిలేస్తే దొంగ పెట్టాడనుకుంటారు. ఊఁ, కొట్టు నీ అక్షరం."

ఆయన కిటికీ తెరవడం, ఆమె ముద్ర కొట్టడం. వంకీలు, వడ్డాణాలు, జూకాల శీలలు, అన్నీ పూర్తయ్యేసరికి సాయంత్రపు బస్సులు సందు చివర హారన్లు కొడుతున్నాయి.

మర్నాడు మొవ్వలో దివ్యశ్రీ ఇంటి వరండాలో నగలు పరిచారు. పిల్లలు మీద పడ్డారు. పెద్దవాళ్ళు తిప్పి చూశారు. ఒక పిల్ల నాయనమ్మ కోటేశ్వరమ్మ ముందుగా వేలు పెట్టింది.

"ఏమమ్మాయ్, కొత్త నగకి అప్పుడే పూత లేచిపోయిందే?"

"లేచిపోలేదండీ, మేమే తీశాం. లోపల ఏ లోహమో తెలియడానికి."

"మా మనవరాలి దాని మీద ఇ అని ఉంది. అంటే ఇత్తడా?"

"అవునండీ. మీరు అడిగింది ఇత్తడే కదండీ."

"అడిగామే అనుకో. రాయాలా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. కోటేశ్వరమ్మ నవ్వలేదు. ఇంకో తల్లి తన కూతురి వడ్డాణం వెనక్కి తిప్పి, చప్పున ముందుకి తిప్పేసింది. దివ్యశ్రీ ఇబ్బందిగా భార్గవి వైపు చూసి, "స్టేజీ మీద కనపడుతుందా అండీ?" అని మెల్లగా అడిగింది.

"కనపడదు మేడం. ఒంటికి ఆనుకుని ఉంటుంది. నచ్చనివాళ్ళవి ప్రదర్శన అయ్యాక వెనక్కి తీసుకెళ్ళి, పూత వేసి ఇస్తాను. ముద్ర మాత్రం తియ్యను" అంది భార్గవి.

అప్పుడు వీరదుర్గ ముందుకొచ్చింది. వంకీలు ఒక్కొక్కటీ తీసి, వెల్లకిలా తిప్పి, బొటనవేలితో ఆ చింతాకు మీద రుద్ది చూసింది. 'వెం' ఉన్న జత పక్కన పెట్టుకుంది. తర్వాత కోటేశ్వరమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మగారూ, మీరు నా దగ్గర చేప కొనేటప్పుడు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను? మొప్ప ఎత్తి చూస్తాను."

"నేను ఎత్తనివ్వకపోతే?"

"నీ దగ్గర కొననే కొనను."

"మరి ఈవిడ తనంతట తానే మొప్ప ఎత్తి చూపిస్తుంటే కోప్పడతారేంటండీ?"

ఈసారి కోటేశ్వరమ్మ కూడా నవ్వాపుకోలేకపోయింది. "చేపల్దానివి, మాటలకేం కొదవ" అంటూ మనవరాలి జబ్బకి ఇత్తడి వంకీ తనే కట్టింది. ఒక్క తల్లి మాత్రం వడ్డాణం వెనక్కి ఇచ్చేసింది. భార్గవి దాన్ని గుడ్డలో చుట్టుకుంది.

ఆదివారం సాయంత్రం శ్రీకాకుళంలో, ఏటి గాలి పందిరి గుడ్డల్ని ఎగరేస్తుండగా, హర్షిత ముందు వరసలో ఆడింది. భార్గవి నానిని ఒళ్ళో పెట్టుకుని చూసింది. అందరూ పిల్ల కాళ్ళు చూస్తుంటే ఆమె మాత్రం జబ్బలు చూసింది. ఆట అయిపోగానే వీరదుర్గ వంకీలు విప్పి, చెమట తుడిచి, "చూడండి, ఏమీ లేదు" అంది, కళ్ళు మెరుస్తుంటే.

"ఇప్పుడే అనకండి. పడని లోహమైతే ఒకటి రెండు రోజుల్లో చెప్తుంది. మంగళవారం దాకా చూడండి. చిన్న దురదైనా నాకు ఫోన్ చెయ్యండి" అంది భార్గవి. పిల్లని ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాలనే ఉంది. పెట్టుకోలేదు. ఇంకా సమయం కాలేదు.

సోమవారం ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. అన్నీ సుధీర్ షాపులవాళ్ళవే.

మంగళవారం పొద్దున్న చేపల బజారు గోలలోంచి వీరదుర్గ గొంతు వినపడింది. "ఏమీ లేదండీ. పొక్కు లేదు, దురద లేదు. పిల్ల నిన్నటి నుంచీ వంకీలు పెట్టుకునే తిరుగుతోంది, స్కూలుకి తీసి వెళ్ళమంటే ఏడుస్తోంది. ఇంకో మాట. మా ఆడపడుచు కూతురికి కాళ్ళ పట్టీలు కావాలంట. అవే, ఆకు ఉన్నవి. చేస్తారా?"

"చేస్తానండీ" అంది భార్గవి.

షెడ్డులో సీతారామయ్య వింటున్నాడు. తల ఎత్తకుండానే, "మోడల్ సంగతి తర్వాత" అన్నాడు. "ఆ పిల్ల ఒంటికి ఏం పడదో ముందు అడుగు."